ముక్తినాథ్ ప్రయాణానికి పెట్టె సర్దుకోవడం

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కార్తీకమాసం దగ్గరపడేసరికి మన వూళ్ళలో నేపాలు యాత్రల మాట వినబడుతుంది. నూట ఎనిమిది దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రంగా చెప్పే ముక్తినాథ్ అక్కడే వుంది గనక, తిరుపతి, శ్రీరంగం చూసివచ్చినవాళ్ళకు ఓపిక వుండగానే అక్కడికీ వెళ్ళిరావాలనిపిస్తుంది. "మీరు వెళ్ళొచ్చారటగా, ఏమేం పట్టుకెళ్ళాలో కాస్త రాసివ్వండి" అని అడిగేవాళ్ళు నాకు తరచుగా తారసపడుతుంటారు. ఒక్కొక్కరికీ కాగితం రాసివ్వడంకన్నా అందరికీ ఒకసారే చెప్పేద్దామని ఈ పూట ఇలా వచ్చాను.

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. నేను ముక్తినాథ్ దాకా వెళ్ళానే గాని ముక్తినాథుణ్ణి చూడలేదు. ఎందుకు చూడలేదో మధ్యలో చెబుతాను.

మేము వెళ్ళింది 2023 నవంబరులో. మా అత్తయ్య, మావారు, మావారి అక్కగారు అంటే మా వదిన, నేను, నలుగురం. అత్తయ్యకు డెబ్బై ఒకటి. వదినకు యాభై రెండు, రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి. ప్రయాణానికి నెలముందే నేను పెట్టె తెరిచి కూర్చున్నాను. ఆరు పట్టుచీరలు, నాలుగు నూలు చీరలు, రెండు మందపాటి దుప్పట్లు, చిన్న కుక్కరు, మూడు కిలోల బియ్యం, కందిపప్పు, ఆవకాయ, చింతపండు... మావారు దాన్ని తూకానికి పెట్టి చూస్తే ఇరవై మూడు కిలోలు. పొఖరా నుంచి జోమ్‌సోమ్ వెళ్ళే చిన్న విమానానికి మాకు చెప్పిన లెక్క మనిషికి పది కిలోలు! అంటే సగానికి పైగా తీసెయ్యాలి. ఏది తియ్యాలో తెలియాలంటే ఆ చోటు ఎలాంటిదో ముందు తెలియాలి కదా.

మన తిరుమల కొండ సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు లోపే. ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్లు, అంటే పన్నెండు వేల అడుగుల పైమాటే. తిరుమల కొండల్ని దాదాపు నాలుగింటిని ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. అంత ఎత్తున గాలి బరువు తగ్గిపోతుంది. మనం ఇక్కడ ఒక్కసారి పీల్చే గాలిలో ఎంత ప్రాణవాయువు వుంటుందో, అక్కడ దానిలో మూడింట రెండువంతులే అందుతుంది. గాలి బరువు తగ్గితే ఇంకో చిత్రం జరుగుతుంది. నీళ్ళు ఇక్కడ నూరు డిగ్రీలకు మరిగితే అక్కడ ఎనభై ఎనిమిది డిగ్రీలకే తెర్లిపోతాయి. తెర్లుతున్నాయి గదా అని పప్పు వేస్తే అది ఎంతసేపటికీ పలుకుగానే వుంటుంది. అందుకే అక్కడి వంటిళ్ళలో కుక్కరు లేనిదే పప్పు వుడకదు. మన చిన్న కుక్కరు మోసుకెళ్ళనక్కర్లేదు, బసల్లో వాళ్ళ కుక్కరు ఈల వేస్తూనే వుంటుంది. అన్నం, పప్పు, ఆకుకూర రెండు పూటలా దొరుకుతాయి. బియ్యం, పప్పు, కుక్కరు, చింతపండు అన్నీ తీసి అవతల పెట్టాను. పెట్టె సగం ఖాళీ అయింది.

ఇక చలి. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతూ పోతుంది. కార్తీకంలో అక్కడ రాత్రి గడ్డకట్టే చలి, మధ్యాహ్నం నెత్తి మాడ్చే ఎండ. రెండూ ఒకే రోజున. మనకేమో చలి అనగానే ఒక పెద్ద మందపాటి రగ్గు కొనెయ్యాలనిపిస్తుంది. అది పొరపాటు. వెచ్చదనం గుడ్డలో వుండదండీ, గుడ్డకూ గుడ్డకూ మధ్య కదలకుండా నిలిచిన గాలిలో వుంటుంది. ఒక్క మందపాటి దుప్పటికన్నా రెండు పల్చటి దుప్పట్లు కలిపి కప్పుకుంటే వెచ్చగా వుండడం మనకు తెలిసిందే. అంచేత మూడు వరసలు సర్దుకోండి. ఒంటిని అంటుకుని వుండే పల్చటి లోపలి బట్టలు, వీటినే దుకాణంలో థర్మల్స్ అంటారు. దానిమీద ఉన్ని స్వెట్టరు. ఆపైన గాలి దూరని కోటు. దీన్ని దుకాణంవాడు జాకెట్టు అంటాడు, రవిక అనుకుని కంగారుపడకండి. ఈ మూడోది లేకపోతే ఎంత మంచి స్వెట్టరయినా వ్యర్థం. అల్లికలో సందులుంటాయి గదా, గాలి జల్లెడలోంచి పోయినట్టు పోతుంది. ఎండ వచ్చినకొద్దీ ఒక్కొక్క వరసే తీసుకోవచ్చు, చలి పెరిగినకొద్దీ వేసుకోవచ్చు.

ఒంటిని అంటుకునే బట్ట మాత్రం నూలుది వద్దు. ఇది నాకు మొదట మింగుడుపడలేదు. పుట్టినప్పటినుంచీ నూలుబట్ట అంత సుఖం లేదనుకుంటూ పెరిగినవాళ్ళం. కాని నూలు ఎందుకు సుఖం? చెమటను తాగి, మెల్లగా ఆరుతూ, ఒంటిని చల్లబరుస్తుంది. మన మే నెల ఎండలకు అంతకన్నా ఏం కావాలి? ఆ గుణమే అక్కడ దోషం. మెట్లెక్కేటప్పుడు పట్టిన చెమటను పట్టుకుని వుండి, నిలబడగానే ఒళ్ళంతా మంచుముద్ద చేస్తుంది. ఉన్ని అలా కాదు, తడిసినా కొంత వెచ్చగానే వుంటుంది.

చీర తప్ప కట్టనివాళ్ళ సంగతేమిటంటారా? మా అత్తయ్య కట్టినట్టే కట్టండి. పరికిణీ లోపల థర్మల్ పైజమా, రవిక లోపల పొడుగు చేతుల థర్మల్ బనీను, మోకాళ్ళదాకా ఉన్ని మేజోళ్ళు, పైన చీర, దానిమీద స్వెట్టరు, కోటు, తలకు మంకీ క్యాపు. ఫోటోలో ఎలా పడతామా అని చూసుకోకండి. పిన్నీసులు మాత్రం ఒక గుప్పెడు పట్టుకెళ్ళండి. పట్టుచీరలు ఆరూ బీరువాలోకి వెళ్ళిపోయాయి. అల్లుకునేవాళ్ళు కనక చుడీదారు వేసుకుంటే ఇంకా సుళువు.

పిన్నీసులన్నానే, అది అక్కడి గాలి కోసం. జోమ్‌సోమ్ వున్నది గండకీ నది లోయలో. ఒకపక్క 8,167 మీటర్ల ధవళగిరి, ఇంకోపక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ, మధ్యలో ఆ సన్నటి లోయ. పొద్దు ఎక్కినకొద్దీ ఎగువన వున్న బోడి నేల వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి కిందినుంచి గాలి ఈ లోయగుండా కొలిమితిత్తి వూదినట్టు పరుగెత్తి వస్తుంది. పదీ పదకొండు గంటలకల్లా మొదలవుతుంది. గొడుగు పట్టుకెళ్ళకండి, విరిగిపోతుంది. ఇసుక కళ్ళలో పడకుండా చలువ కళ్ళద్దాలు, ముక్కుకు కట్టుకోను పల్చటి గుడ్డ వుండాలి. విమానాలు కూడా ఈ గాలి రేగకముందే, పొద్దుటిపూటే నడుస్తాయి.

కళ్ళద్దాలు సోకు కోసం కాదండోయ్. ఎత్తుకు వెళ్ళినకొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాల తీక్షణత వెయ్యి మీటర్లకు నూటికి పది పాళ్ళ చొప్పున పెరుగుతుంది. చల్లగాలికి ఆ మాట మనకు తెలియదు, సాయంత్రం అద్దంలో చూసుకుంటే ముక్కు తోలు లేచివుంటుంది. అక్కడి గాలి ఎండుగాలి కూడాను. పెదవులు చిట్లుతాయి, ముక్కులోంచి రక్తపు చార వస్తుంది. మొహానికి రాసుకునే ఎండ క్రీము, పెదవులకు వేసలీను చేతిసంచిలోనే వుంచుకోండి. కొబ్బరినూనె సన్నమూతి సీసాలో పోసుకెళ్ళి నేను తెల్లబోయాను. అది గడ్డకట్టి కూర్చుంది, బోర్లించినా రాదు. వెడల్పు మూత డబ్బాలో వేసుకోండి. ఇంకోటి, కింద గట్టిగా మూతబిగించిన పొట్లాలూ సీసాలూ పైకి వెళ్ళేసరికి లోపలి గాలి వుబ్బి బూరెల్లా తయారవుతాయి. నా కందిపొడి పొట్లం చిట్లి స్వెట్టరుకు పులుముకుంది. పొడులు, పచ్చళ్ళు సగానికే నింపి, రెండేసి పాలిథిన్ సంచుల్లో కట్టండి.

తినేవాటి గురించి ఎక్కువ చెప్పను. అంత ఎత్తున ఆకలి మందగిస్తుంది, నూనెలో వేగినవి రుచించవు. అటుకులు, బెల్లం, ఖర్జూరం, శొంఠి, కాస్త కందిపొడి చాలు. ఒక మంచి ఫ్లాస్కు మాత్రం తప్పనిసరి.

నీళ్ళ దగ్గర మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది, మగవాళ్ళు చెయ్యరు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుంటుందో ఏమోనని పొద్దుటినుంచీ నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని కూర్చుంటాం. ఇక్కడయితే ఏదో గడిచిపోతుంది. అక్కడి ఎండుగాలిలో మనం విడిచే ప్రతి ఊపిరితోనూ ఒంట్లో నీరు పోతుంది. తాగకపోతే తలనొప్పి, కళ్ళుతిరగడం. అంచేత ఒక టార్చిలైటు, కాగితాలు, చేతులు తుడుచుకునే ద్రవం, చుట్టూ అడ్డం పట్టుకోను ఒక ముదురురంగు దుప్పటా సంచిలో వేసుకోండి. నీళ్ళు మాత్రం మానకండి.

ఇంకో మాట రేడియోలో చెప్పవచ్చునా అని కాస్త తటపటాయించాను. చెప్పడమే మంచిదనిపించింది. తీర్థయాత్ర అనగానే మనలో చాలామంది నెలసరి వెనక్కి జరగడానికి మందులషాపులో అడిగి మాత్రలు మింగేస్తారు. వాటివల్ల కొందరికి రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గంటల తరబడి జీపులో కదలకుండా కూర్చోవడం, నీళ్ళు తాగకపోవడం, ఆపైన ఎత్తు, ఇవన్నీ దానికి తోడవుతాయి. డాక్టరమ్మకు బీపీ, వయసు, వెళ్ళే ఎత్తు అన్నీ చెప్పి అడగకుండా ఆ మాత్ర వేసుకోకండి. ఎందుకైనా మంచిది, కావలసిన ప్యాడ్లు ఇక్కడినుంచే పట్టుకెళ్ళండి.

మందుల సంచి విమానంలోకి ఇచ్చే పెట్టెలో పెట్టకండి, ఒంటిమీదే వుండాలి. బీపీ మాత్రలు నాలుగయిదు రోజులకు ఎక్కువే వుంచుకోండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, రాత్రి దాన్ని రగ్గులోపల మన పక్కనే పెట్టుకోవాలి. సెల్‌ఫోనూ అంతే, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. ఎత్తుకు వెళ్ళే ముందు వేసుకునే ఎసిటజోలమైడ్ అనే మాత్ర వుంది, డయామాక్స్ అని కూడా అంటారు. అది ఒళ్ళు ఆ ఎత్తుకు అలవాటుపడడానికి సాయం చేస్తుంది. ఎక్కబోయే ముందురోజే మొదలుపెట్టాలి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అది అందరూ తమంతట తాము వేసుకునేది కాదు. కర్పూరం మూట కట్టుకుని వాసన చూస్తే ఆయాసం రాదని మాకు చాలామంది చెప్పారు. వాసన బాగానే వుంటుంది, ప్రాణవాయువు మాత్రం పెరగదు.

ఇక మా వదిన సంగతి. మేము పొద్దున్న పొఖరాలో, అంటే ఎనిమిది వందల మీటర్ల దగ్గర, విమానం ఎక్కాం. ఇరవై నిమిషాల్లో జోమ్‌సోమ్, 2,700 మీటర్లు. అక్కడ ఆగకుండా జీపెక్కి మధ్యాహ్నానికి గుడి కింద వున్న రాణీపౌవా చేరాం. మర్నాడు కార్తీక శుద్ధ ఏకాదశి. ఆవేళ తెల్లవారుజామున నూట ఎనిమిది ధారల కింద స్నానం చేసి దర్శనం చేసుకోవాలని వదిన మొక్కు. అందుకే ఆ సాయంత్రం గుడికి వెళ్ళకుండా ఆగాం. రాత్రి భోజనానికి లేవమంటే "దశమి రాత్రి తినకూడదు" అంది. ఆచారం గల మనిషే గనక మేమెవరం అనుమానించలేదు. నిజానికి మధ్యాహ్నంనుంచే ఆవిడకు తల పగిలిపోతోంది, అన్నం చూస్తే డోకు వస్తోంది. చెబితే తనవల్ల అందరి యాత్రా చెడుతుందని చెప్పలేదు. ఎత్తు జబ్బు లక్షణం అదేనండీ, చేరిన వెంటనే రాదు, ఆరు గంటలకో పన్నెండు గంటలకో, ఎక్కువగా రాత్రిపూట బయటపడుతుంది. రోజూ నడిచేవాళ్ళకు రాదనీ లేదు, ముసలివాళ్ళకే వస్తుందనీ లేదు. అత్తయ్య ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

నాలుగింటికి లేచి చూస్తే వదిన మంచంమీద కూర్చుని మేజోడు చేతిలో పట్టుకుని దానివంకే చూస్తోంది. "వదినా, తొడుక్కో" అంటే "ఆఁ" అంటుంది, చేయి కదపదు. అప్పటికి రెండుసార్లు వాంతయిందట. లేపి నడిపిస్తే అడుగు తిన్నగా పడలేదు. బస ఇంటావిడ దీపం పట్టుకుని వచ్చి ఆమె మొహం చూసి ఒక్కటే మాట అంది, "నీచే, నీచే." కిందికి, కిందికి అని. దర్శనం అయ్యాక దిగుదామా అని నేను నోరు తెరిచేలోపల ఆవిడే జీపు పిలిపించింది. అడుగు తడబడినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చి దగ్గు పట్టినా అక్కడ ఒక్క గంట కూడా వుండకూడదని నాకు తర్వాత డాక్టరు చెబితేనే తెలిసింది. దానికి మాత్రలకన్నా, ప్రాణవాయువు డబ్బాలకన్నా ముందు చెయ్యవలసింది కిందికి దిగడమే.

వదినను పట్టుకుని నేను దిగిపోయాను. జోమ్‌సోమ్ చేరేసరికి వాంతులు ఆగాయి. అక్కడి డాక్టరు చూసి ప్రాణవాయువు పెట్టించి, మళ్ళీ పైకి వెళ్ళే మాట ఎత్తవద్దన్నారు. మధ్యాహ్నానికి వదిన టీ అడిగింది. తాగి, గోడవైపు తిరిగి ఏడ్చింది.

గుడి సంగతి నాకు తెలిసింది అత్తయ్య చెప్పగానే. రాణీపౌవా నుంచి అరగంట నడక, ఆపైన మెట్లు. గుడి వెనక అర్ధచంద్రాకారంలో నూట ఎనిమిది ధారలు, ముందు రెండు కుండాలు. పక్కనే జ్వాలామాయి గుడిలో నేలలోంచి వచ్చే వాయువుతో వెలిగే నీలి మంట. అది బౌద్ధులకూ పుణ్యస్థలమే. ధారల కింద పరుగెత్తేవాళ్ళ ఒంటిమీదినుంచి పొగలు లేస్తున్నాయట. అత్తయ్య పరుగెత్తలేదు. ప్రతి ధార దగ్గరా అరచెయ్యి పట్టి, ఆ నీళ్ళు తలమీద చల్లుకుంటూ నూట ఎనిమిదీ పూర్తి చేసింది. గుండె, బీపీ వున్నవాళ్ళు అలా చేస్తే చాలని నా ఉద్దేశం. స్నానం చేసితీరాలనుకునేవాళ్ళు తడిబట్ట మీదకు వేసుకోను వదులు నైటీ ఒకటి, పొడి బట్టల జత ఒకటి వేరే పాలిథిన్ సంచిలో కట్టి తోడున్నవాళ్ళ చేతికిచ్చి దిగండి. టర్కీ తువ్వాలు బరువు, ఆరదు. మన పల్చటి అంగవస్త్రం నయం. చెప్పులు వదిలాక రాళ్ళు కాళ్ళను కొరుకుతాయి, గుడి కోసమని ఒక జత దళసరి మేజోళ్ళు విడిగా వుంచుకోండి. బూట్లు కొత్తవి వద్దు, నెలరోజులు ఇక్కడ తొడిగి నడిచినవి కావాలి.

అసలు సర్దుకోవలసింది పెట్టెలో పట్టనిది. ఒక రెండు ఖాళీ రోజులు. అంత ఎత్తుకు ఒక్కరోజులో ఎగిరిపోకుండా దారిలో ఆగితే ఒళ్ళు తనంతట తాను అలవాటుపడుతుంది. మూడు వేల మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు రోజుకు అయిదు వందల మీటర్లకన్నా ఎక్కువ ఎత్తు పెరగకూడదని వైద్యులు చెబుతారు. జోమ్‌సోమ్‌లోనో, 2,800 మీటర్ల దగ్గర వున్న కాగ్‌బేనిలోనో రెండు రాత్రులు పడుకుని, ముక్తినాథ్‌కు పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి దిగివచ్చేస్తే పైన పడుకునే పనే వుండదు. యాత్ర ఏర్పాటు చేసేవాళ్ళు రోజులు తగ్గించి చవకగా చూపిస్తారు. మాకూ అలాగే చూపించారు, మేమూ సంతోషించాం. ఖాళీ రోజులు విమానం కోసం కూడా కావాలి. గాలికి మర్నాడు మా విమానం రాలేదు. రోడ్డున పడి పొఖరా చేరేసరికి, గోరఖ్‌పూర్‌లో మా రైలు మేము లేకుండానే వెళ్ళిపోయింది.

కాగితాల సంగతి మరిచిపోయేదాన్ని. విమానంలో నేపాలు వెళ్ళే మనవాళ్ళు పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని చూపించాలి. ఆధార్ కార్డు పదిహేనేళ్ళలోపు పిల్లలకు, అరవై అయిదు దాటినవాళ్ళకు మాత్రం చెల్లుతుంది. రోడ్డున వెళ్ళినా ఆ రెండింటిలో ఒకటి దగ్గరుంటే చిక్కు లేదు. మన వంద రూపాయలకు వాళ్ళ రూపాయలు నూట అరవై. వంద రూపాయల నోట్లు, అంతకు చిన్నవి ఎక్కువగా పట్టుకెళ్ళండి.

అత్తయ్య ఒక చిన్న సీసాలో ధారల నీళ్ళు తెచ్చి వదిన తలమీద చల్లింది. మొక్కు తీరినట్టేనని అందరం అన్నాం. వదిన ఒప్పుకోలేదు. వచ్చే కార్తీకానికి మళ్ళీ బయలుదేరుతున్నాం, ఈసారి కాగ్‌బేనిలో రెండు రాత్రులు ఆగేట్టు. తలనొప్పి వస్తే వెంటనే నాకు చెబుతానని దేవుడిగదిలో నిలబెట్టి ఒట్టు వేయించుకున్నాను. నా సంచి తూకం వేశాను, తొమ్మిదిన్నర కిలోలు. మిగిలిన అరకిలోకూ ఆవకాయ సీసాకూ ఇంకా బేరం తెగలేదు.

సెలవు.